బంకు చీటీ చెప్పని సంగతి

కొత్తపట్నం నుంచి ఒంగోలుకు సుమారు ఇరవై కిలోమీటర్లు. తెల్లారకముందే ఆ దారిలో బళ్ల సందడి మొదలవుతుంది. ఐసు పెట్టెల్లో చేపలు సర్దుకున్న ట్రాలీ ఆటోలు, రొయ్యల చెరువులకు మేత తీసుకెళ్లే చిన్న ట్రక్కులు, చెరువు గట్ల మీదకు వెళ్లే ఏజెంట్ల కార్లు, మోటారు సైకిళ్లు... తీరం వదిలి లోపలికి వెళితే మిర్చి టిక్కీలు, పత్తి మూటలు వేసుకుని గుంటూరు దారి పట్టే బళ్లు. చక్రం తిరిగితేనే ఇల్లు గడిచే కుటుంబాలు ఈ ప్రాంతంలో వేలల్లో ఉంటాయి.

ఆ ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది. ‘వచ్చిందంతా డీజిలుకే పోతోంది’ అని. ఎంత పోతోంది, అందులో వ్యాపారానికి ఎంత, ఇంటి పనులకు ఎంత అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర సమాధానం దొరకదు. మహా అయితే డ్యాష్‌బోర్డు అరలోంచి అక్షరాలు వెలిసిపోయిన బంకు చీటీలు నాలుగు బయటకు వస్తాయి.

ఆదాయపు పన్ను లెక్కలో ఆ చీటీ చెప్పేది సగం సంగతే. ఫలానా రోజు ఇన్ని లీటర్లు కొట్టించారని అది చెబుతుంది. ఆ డీజిలుతో బండి ఎటు పోయిందో చెప్పదు. చెరువు దగ్గరకు వెళ్లిందా, చుట్టాల పెళ్లికి వెళ్లిందా? రొయ్యల చెరువులున్నవారికైతే ఇంకో చిక్కు. అదే బంకులో క్యాన్లలో పట్టించిన డీజిలు జనరేటరుకు పోయిందా, బండికి పోయిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది చీటీ కాదు, కిలోమీటర్ల లెక్క.

చట్టం ఏమంటోంది?

వ్యాపారం కోసం పెట్టిన ఖర్చును ఆదాయంలోంచి తీసేసి, మిగిలిన దానిమీదే పన్ను కట్టాలి. ఇదీ మూలసూత్రం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 37వ సెక్షన్ ఈ మాటే చెప్పింది. అయితే ఓ షరతు పెట్టింది. ఆ ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే అయ్యుండాలి, సొంత ఖర్చు కాకూడదు. మరి ఒకే బండిని వ్యాపారానికీ, ఇంటికీ వాడితే? దానికి 38వ సెక్షన్ ఉంది. వ్యాపారానికి వాడిన మేరకు, న్యాయమైన వాటా మాత్రమే ఖర్చు కింద ఒప్పుకుంటారు. డీజిలు ఒక్కటే కాదు... రిపేర్లు, బీమా, తరుగుదల అన్నింటికీ ఇదే కొలత.

1961 చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ సూత్రం మారలేదు.

సొంత వ్యాపారులు ఫలానా నమూనాలో లాగ్‌బుక్ రాయాల్సిందేనని చట్టం చెప్పలేదు. అలాగని ఊరుకుంటే కుదరదు. ఖర్చు రాసుకున్నవారే దాన్ని నిరూపించుకోవాలి. రుజువు లేనప్పుడు అధికారి తన అంచనా ప్రకారం సొంత వాడకం కింద పదో వంతో, ఐదో వంతో కొట్టేయడం ట్రైబ్యునళ్ల తీర్పుల్లో పదే పదే కనిపించే సంగతే. ఇంటికి మరో బండి ఉన్నా, కారును సొంతానికి అంతగా వాడకపోయినా... ఆ మాట చెప్పే కాగితం లేకపోతే అంచనాకే తల ఊపాల్సి వస్తుంది.

చాలామందిలో ఉన్న మరో అపోహ... ‘కొత్త పన్ను విధానంలో మినహాయింపులేవీ లేవు కదా, ఇక లెక్కలెందుకు?’ అని. కొత్త విధానంలో దొరకనివి జీవిత బీమా ప్రీమియం, పిల్లల ట్యూషన్ ఫీజు లాంటి మినహాయింపులు. వ్యాపార ఖర్చులు వేరు. అవి లాభం లెక్కకట్టడంలో భాగం. పాత విధానమైనా, కొత్త విధానమైనా వాటిని తీసేసుకోవచ్చు.

ఎవరికి అవసరం?

అందరికీ ఈ లెక్క ఒకేలా పనికిరాదు. చిన్న వ్యాపారులకు చట్టం ఓ దగ్గరి దారి ఇచ్చింది. ఏడాది అమ్మకాలు 2 కోట్ల రూపాయలు దాటనివారు (నగదు వసూళ్లు 5 శాతానికి మించకపోతే 3 కోట్ల దాకా) అమ్మకాల్లో 8 శాతాన్ని లాభంగా చూపించి పన్ను లెక్క వేసుకోవచ్చు. బ్యాంకు ద్వారా, డిజిటల్ పద్ధతిలో వచ్చిన అమ్మకాల మీదైతే 6 శాతం చాలు. ఈ దారి ఎంచుకున్నవారికి డీజిలు ఖర్చు విడిగా తీసేసుకునే వీలుండదు. అన్ని ఖర్చులూ ఆ శాతంలోనే కలిసిపోయినట్టు లెక్క.

సరుకు బళ్లను కిరాయికి తిప్పేవారికీ ఇలాంటిదే మరో పద్ధతి. పది బళ్లకు మించకుండా ఉన్నవారు, మొత్తం బరువు 12 టన్నులు దాటని ఒక్కో బండికి నెలకు 7,500 రూపాయల చొప్పున ఆదాయం చూపిస్తే సరిపోతుంది. అంతకంటే పెద్ద లారీలకు టన్నుకు నెలకు 1,000 రూపాయలు. ఇక్కడ తీరప్రాంతం వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మెలిక ఒకటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపల బళ్లు చాలావరకు ఇంటి ముందే నిలబడతాయి. అయినా బండి సొంతదారు పేరున ఉన్నన్ని నెలలూ ఆ 7,500 లెక్కలోకి వస్తుంది. తిరిగిందా, నిలబడిందా అని చూడరు. అసలు ఆదాయం అంతకంటే తక్కువని చెప్పాలంటే లెక్క పుస్తకాలు ఉండాలి, ఆడిట్ చేయించాలి. నిలబడిన రోజులకు సాక్ష్యం కిలోమీటర్ల మీటరే!

ఇక కమీషన్ మీద బతికేవారి సంగతి. రొయ్యల ఏజెంట్లు, మిర్చి యార్డుల్లో కమీషన్ వ్యాపారులు, బీమా ఏజెంట్లు... కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి ఆ 8 శాతం దగ్గరి దారి వర్తించదు. వీళ్లు అసలు ఖర్చులు చూపించి నికరాదాయం తేల్చుకోవాల్సిందే. రోజంతా బండి మీదే గడిపేదీ వీళ్లే. కాబట్టి ఈ పుస్తకం అందరికంటే ఎక్కువ అవసరం వీళ్లకే.

ఓ లెక్క చూద్దామంటే...

కొత్తపట్నం చుట్టుపక్కల చెరువులు తిరిగే ఓ రొయ్యల ఏజెంటునే తీసుకోండి. కారు నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే నెలకు 125 లీటర్లు కావాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి లీటరు 100 రూపాయలనుకుంటే నెలకు 12,500, ఏడాదికి 1,50,000 రూపాయలు. బీమా, సర్వీసింగు, టైర్లు కలిపి 60,000. పుస్తకాల్లో కారు విలువ 4 లక్షలుంటే 15 శాతం తరుగుదల 60,000. మొత్తం 2,70,000 రూపాయలు.

నెలకు తిరిగే 2,000 కిలోమీటర్లలో 1,600 చెరువుల కోసం, 400 ఇంటి పనుల కోసం అని పుస్తకంలో ఉంటే వ్యాపారం వాటా 80 శాతం. అంటే 2,16,000 రూపాయలు ఖర్చు కింద తీసేసుకోవచ్చు. మిగతా 54,000 సొంత ఖర్చు. దాన్ని కూడా వ్యాపారంలో కలిపేయడం తప్పు.

కారు ఖర్చు తీయకముందు ఆ ఏజెంటు ఆదాయం 13.5 లక్షలనుకోండి. ఖర్చు పోతే మిగిలేది 11,34,000. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా పన్ను కట్టక్కర్లేదు కాబట్టి ఆ ఏడాదికి పన్ను సున్నా. అదే రుజువులేమీ లేక కారు ఖర్చు మొత్తాన్నీ తోసిపుచ్చారనుకోండి... 13.5 లక్షల మీద 2025-26 రేట్ల ప్రకారం పన్ను 82,500. దానిమీద 4 శాతం సెస్సు కలిపితే 85,800 రూపాయలు. ముప్ఫై రూపాయల నోటు పుస్తకం రాయనందుకు పడే ధర అది!

పుస్తకంలో ఏం రాయాలి?

పెద్ద చదువు అక్కర్లేదు. ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరస. తేదీ, బయల్దేరినప్పుడు మీటరు రీడింగు, తిరిగొచ్చాక రీడింగు, ఎక్కడికి వెళ్లారు, ఏ పని మీద వెళ్లారు. ఉదాహరణకు ‘ఈతముక్కల - రొయ్యల కౌంటు చూడటానికి - 42,150 నుంచి 42,186’. ఇంటి పనికి వెళితే ‘సొంతం’ అని రాస్తే చాలు. సొంత ప్రయాణాలు కూడా రాసిన పుస్తకానికే నమ్మకం ఎక్కువ. ఏడాదంతా ప్రతి కిలోమీటరూ వ్యాపారానికేనని రాస్తే ఎవరైనా అనుమానిస్తారు.

ఎప్పటికప్పుడు రాయడం అన్నింటికంటే ముఖ్యం. మార్చి నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో పన్నెండు నెలల లెక్క రాసేస్తే అది చూడగానే తెలిసిపోతుంది. ఆ రోజుల్లో బండి గ్యారేజీలో ఉన్నట్టు మెకానిక్కు బిల్లు బయటపడితే మొత్తం పుస్తకానికే విలువ పోతుంది. సర్వీసింగు బిల్లులు, కాలుష్య తనిఖీ పత్రాలు, టోల్ చెల్లింపులు... వీటిలో తేదీలు ఉంటాయి. కొన్నింటిలో రీడింగులూ ఉంటాయి. నిజం రాసినవారికి ఇవన్నీ తోడు సాక్ష్యాలు. కల్పించినవారికి ఇవే ఎదురు సాక్ష్యాలు.

బంకు చీటీ మీద బండి నంబరు వేయించుకోవాలి. ఆ చీటీల మీది అక్షరాలు కొన్ని నెలలకే మాసిపోతాయి కాబట్టి వారానికోసారి ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవడం మేలు. చెరువుల జనరేటరుకు క్యాన్లలో పట్టిస్తే ఆ చీటీ మీద ‘జనరేటరు’ అని అప్పుడే రాసేయాలి. పుస్తకాలూ, చీటీలూ కనీసం ఏడెనిమిదేళ్లు దాచాలి.

మైలేజీ తెలుసుకోవడానికి పాత పద్ధతే మంచిది. ట్యాంకు నిండా కొట్టించి రీడింగు రాసుకోవాలి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించాలి. 16 ఇచ్చే బండి ఉన్నట్టుండి 12కు పడిపోయిందంటే టైర్లలో గాలి తగ్గిందో, ఇంజను పని చెప్పిందో... కాదంటే డీజిలు ఇంకెక్కడికో పోతోందో! డ్రైవరును పెట్టుకున్న యజమానులకు ఈ లెక్క మరీ అవసరం.

నగదుతో జాగ్రత్త

పల్లెటూళ్లలో బంకు దగ్గర ఖాతా పెట్టుకుని నెలకోసారి తీర్చడం మామూలే. నెల బాకీ 25,000 ఒకేరోజు నోట్లు లెక్కపెట్టి ఇచ్చేస్తారు. ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఒక రోజులో ఒకరికి 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. పైన ఉన్న 15,000 మాత్రమే కాదు, మొత్తం 25,000 పోతుంది. ఖర్చు నిజం, చీటీ నిజం, కిలోమీటర్లూ నిజం... అయినా చెల్లించిన తీరు వల్ల ఫలితం దక్కదు. చెక్కో, ఫోన్లో యూపీఐయో అయితే ఈ బాధ లేదు.

బండి కొనేటప్పుడూ ఇంతే. సెకండ్ హ్యాండ్ ట్రక్కుకు నగదు రూపంలో 10,000 దాటి ఇచ్చిన మొత్తం బండి ఖరీదులో కలవదు. దానిమీద తరుగుదల రాదు. కిరాయికి తిప్పే లారీలు, ట్యాక్సీలకు తరుగుదల 30 శాతం. సొంత వ్యాపారానికి వాడుకునే కార్లు, మోటారు సైకిళ్లకు 15 శాతం. కొన్న ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడితే అందులో సగమే. బండి భార్య పేరునో, తండ్రి పేరునో ఉండి వ్యాపారం మరొకరిదైతే డీజిలు ఖర్చు వరకు చూపించవచ్చు కానీ తరుగుదల అడగడానికి యాజమాన్యం అడ్డొస్తుంది. బండి కొనేరోజే ఎవరి పేరున తీసుకోవాలో ఆలోచించుకోవడం మంచిది.

పోలీసు చలానాలను, అధిక లోడు జరిమానాలను డీజిలు చీటీలతో కలిపి ఆడిటరుకు ఇచ్చేసేవారూ ఉన్నారు. చట్టం మీరినందుకు కట్టిన జరిమానా వ్యాపార ఖర్చు కాదు. అలాగే పెట్రోలు, డీజిలు జీఎస్టీ పరిధిలో లేవు. వాటిమీద కట్టిన వ్యాటును జీఎస్టీలో తిరిగి రాబట్టుకునే మార్గమూ లేదు.

రైతు ట్రాక్టరు మాటేమిటి?

మిర్చి, పత్తి పండించే రైతుకు వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి సొంత పొలం దున్నిన ట్రాక్టరు డీజిలును మరో ఆదాయంలోంచి తీసేయడమూ కుదరదు. అదే ట్రాక్టరును ఊళ్లో వాళ్లకు దుక్కికో, సరుకు తోలడానికో కిరాయికి పంపితే వచ్చే డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. దానికి అయిన డీజిలు మాత్రం ఖర్చే. ట్రాక్టరుకు కిలోమీటర్లకంటే గంటల మీటరు ముఖ్యం. సొంత పొలంలో ఎన్ని గంటలు, కిరాయికి ఎన్ని గంటలు అని రాసుకుంటే వాటా తేలిపోతుంది. రొయ్యల సాగును మాత్రం పన్ను శాఖ మామూలుగా వ్యవసాయం కింద చూడదు. వరి చేను, రొయ్యల చెరువు రెండూ ఉన్న ఇంట్లో డీజిలు పద్దులు కలిస్తే చిక్కే.

ఉద్యోగులకు దారి వేరు. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లొచ్చే పెట్రోలు ఎవరికైనా సొంత ఖర్చే. ఉద్యోగ విధుల మీద తిరగడానికి యాజమాన్యం ఇచ్చే ప్రయాణ భత్యానికి, ఖర్చు పెట్టిన మేరకు పన్ను ఉండదు. ఆఫీసు కారును పూర్తిగా విధులకే వాడామని చెప్పాలంటే తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, ఖర్చు రాసిన వివరాలు ఉండాలని 1962 నాటి నిబంధనలే చెప్పాయి.

అమెరికాలో సొంత వ్యాపారం చేసుకునే మనవాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. అక్కడ పెట్రోలు బిల్లులు లెక్కపెట్టకుండా మైలుకు ఇంత అని తీసేసుకునే వీలుంది. 2025లో ఆ రేటు మైలుకు 70 సెంట్లు. కానీ ఏ రోజు, ఎక్కడికి, ఏ పని మీద, ఎన్ని మైళ్లు అన్న రాత ఉండాల్సిందే. మన దగ్గర సొంత వ్యాపారులకు కిలోమీటరుకు ఇంత అన్న రేటు లేదు. అందుకే ఇక్కడ బిల్లులూ కావాలి, కిలోమీటర్లూ కావాలి.

పన్ను లేకపోయినా...

‘మాకొచ్చేది 12 లక్షల లోపే. పన్నే లేనప్పుడు పుస్తకమెందుకు?’ అన్న ప్రశ్న సహజం. జవాబు పై లెక్కలోనే ఉంది. ఏడాదికి 2,70,000 ఖర్చుతో 24,000 కిలోమీటర్లు తిరిగిన బండికి కిలోమీటరుకు పడేది 11.25 రూపాయలు. అందులో డీజిలు 6.25 మాత్రమే. ఇదే ఖర్చుండే చిన్న ట్రక్కును ఒంగోలు వెళ్లి రావడానికి 400 రూపాయలకు ఒప్పుకున్నారనుకోండి. నలభై కిలోమీటర్లకు డీజిలు 250. చేతిలో 150 మిగిలినట్టే కనిపిస్తుంది. నిజానికి బండికి అయిన ఖర్చు 450. యాభై రూపాయలు ఎదురు పెట్టి తోలినట్టు. తోలినవారి కష్టానికి కూలి ఇంకా కలపనేలేదు. టైర్లు మార్చాల్సిన నెలలోనో, బీమా కట్టాల్సిన రోజునో ఇంట్లో బంగారం బ్యాంకుకు వెళ్లేది ఇందుకే. రోజూ కొద్దికొద్దిగా పోయింది ఆరోజు ఒక్కసారిగా కనిపిస్తుంది.

బ్యాంకులో అప్పుకు వెళితే రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతారు. ఖర్చులు సరిగ్గా రాసి, నిజమైన ఆదాయంతో దాఖలు చేసిన రిటర్ను అప్పుడు అక్కరకొస్తుంది. అంతకంటే బరువైన సందర్భం మరొకటుంది. రోడ్డు మీద బతికేవారికి రోడ్డు ప్రమాదం దూరపు మాట కాదు. సంపాదించే మనిషికి జరగరానిది జరిగి కుటుంబం పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు వెళితే మొదట అడిగేది ఆయన ఆదాయం ఎంత అనే. ప్రమాదానికి ముందే వేసిన ఆదాయపు పన్ను రిటర్నులు ఉంటే అవి గట్టి ఆధారం. కాగితమే లేకపోతే కనీస వేతనాన్ని బట్టో, అంచనాగానో ఆదాయాన్ని తేలుస్తారు. నెలకు నలభై వేలు తెచ్చిన మనిషి లెక్కలో రోజు కూలీగా మిగిలిపోవచ్చు. పరిహారం కూడా ఆ మేరకే వస్తుంది.

ఈ పని బండి తోలేవారొక్కరి మీదే వేయనక్కర్లేదు. బయల్దేరేటప్పుడూ, వచ్చాకా రీడింగు రాయడం ఆయన వంతు. వారానికోసారి చీటీలతో సరిచూసి కూడటం ఇంట్లో లెక్క తెలిసిన ఎవరి వంతైనా కావచ్చు. హైస్కూలు చదివే పిల్లలకు శాతాలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కానీ అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈరోజు బండి మీటరు ఎంత చూపిస్తోందో ఆ అంకె ఓ పుస్తకంలో మొదటి వరసలో రాసి, పక్కన తేదీ వేస్తే లెక్క మొదలైనట్టే.